'డి' అక్షరంతో మొదలయ్యే వర్ణన మాటలు – ఎవరు ఎవరిని వర్ణిస్తున్నారు?



వార్షికోత్సవ సంచికకు ఇంగ్లీషు మీద ఏదైనా రాయమని అడిగారు. ఇంగ్లీషు అంతా ఒక్క వ్యాసంలో పట్టదు కాబట్టి ఒక్క అక్షరం తీసుకున్నాను. ఆ అక్షరం 'డి'. ఆ అక్షరంతో మొదలయ్యే విశేషణాలు, అంటే మనిషినో వస్తువునో వర్ణించే మాటలు, ఇందులో చెబుతాను. 'ఎ'తో మొదలుపెట్టకుండా 'డి' ఎందుకు తీసుకున్నావని మీరు అడగవచ్చు. దానికి ఒక కారణం ఉంది.

1991లో నేను ఎనిమిదో తరగతిలో చేరాను. మేము చదివిన హైస్కూల్లో ఎనిమిదో తరగతికి నాలుగు సెక్షన్లు. హాస్టల్ పిల్లలందరినీ 'డి' సెక్షన్లో వేశారు. ఆ సెక్షన్ చివరి గదిలో ఉండేది, అందులో సగం బెంచీలే ఉండేవి. మొదటి పరీక్షలయ్యాక నా ప్రోగ్రెస్ కార్డులో అభిప్రాయం రాసే గడిలో ఒక మాట రాసి ఇచ్చారు. డి, యు, డబుల్ ఎల్. ఆ మాటకు అర్థం నాకు తెలియదు. రాత్రి స్టడీ అవర్‌లో మా వార్డెన్ గారి గదికి వెళ్ళి ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ అడిగి తెచ్చుకున్నాను. అట్ట ఊడిపోయిన ఆ పుస్తకంలో 'డి' పేజీ దగ్గర వెతికితే మందమైన, మొద్దు అని ఉంది.

చాలాసేపు ఆ పేజీ మూయలేదు. అయితే ఆ మాట ఒక్కటే కాదు, దాని పైనా కిందా బోలెడు మాటలు ఉన్నాయి. ఆ రాత్రి అవన్నీ చదివాను. నా ఇంగ్లీషు అక్కడ మొదలైంది. ఈరోజు నేను ఇంగ్లీషు మాస్టారిని. అందుకే 'డి'కి నేను బాకీ ఉన్నాను.

విశేషణం వాడేముందు తెలియవలసిన మూడు సంగతులు

మొదటిది. తెలుగులో "అతను మంచివాడు" అంటే వాక్యం పూర్తయింది. అందులో క్రియ లేదు. ఇంగ్లీషులో అలా కుదరదు. "హి డిలిజెంట్" అంటే తప్పు. "హి ఈజ్ డిలిజెంట్" అనాలి. మన పిల్లలు 'ఈజ్', 'యామ్', 'ఆర్' వదిలేయడానికి కారణం తెలివి లేకపోవడం కాదు. మన భాషలో అక్కడ ఆ మాట అవసరం లేకపోవడమే. కారణం తెలిస్తే తప్పు సులభంగా పోతుంది.

రెండవది. హిందీలో 'అచ్ఛా లడకా', 'అచ్ఛీ లడకీ' అని విశేషణం మారుతుంది. ఇంగ్లీషులో మారదు. ఒక అబ్బాయి అయినా పదిమంది అమ్మాయిలు అయినా 'డిలిజెంట్' అన్న మాట అలాగే ఉంటుంది. ఈ విషయంలో ఇంగ్లీషు మన తెలుగులాంటిదే. మంచి అబ్బాయి, మంచి అమ్మాయిలు అంటాం కదా.

మూడవది. పోల్చి చెప్పేటప్పుడు చిన్న మాటలకు చివర 'ఇఆర్', 'ఇఎస్‌టి' చేరుస్తాం. డార్క్, డార్కర్, డార్కెస్ట్. డీప్, డీపర్, డీపెస్ట్. చివర 'వై' ఉంటే అది 'ఐ' అవుతుంది. డర్టీ, డర్టియర్, డర్టియెస్ట్. 'డిమ్' లాంటి మాటలో చివరి 'ఎమ్' రెండుసార్లు రాయాలి. పెద్ద మాటలకు మాత్రం ముందు 'మోర్', 'మోస్ట్' పెట్టాలి. మోర్ డిఫికల్ట్, మోస్ట్ డేంజరస్. 'మోర్ డార్కర్' అని రెండూ కలపకూడదు.

ఒకే వస్తువుకు రెండు మూడు విశేషణాలు వచ్చినప్పుడు వాటికీ ఒక వరుస ఉంది. ముందు మన అభిప్రాయం, తరువాత రంగు, తరువాత దేశం. మురికిపట్టిన నల్లని డచ్చి నాణెం దొరికిందనుకోండి. "ఎ డర్టీ డార్క్ డచ్ కాయిన్" అనాలి. 'డచ్ డార్క్ డర్టీ' అంటే వినేవాడికి మెట్లు తలకిందులైనట్టు ఉంటుంది. డచ్ అంటే హాలెండుకు చెందిన అని అర్థం. 17వ శతాబ్దంలో డచ్చివారు మచిలీపట్నంలో వ్యాపారం చేశారు. వాళ్ళను మనవాళ్ళు వలందలు అన్నారు. మచిలీపట్నంలో వలందపాలెం అన్న పేరు అలా వచ్చిందే. భీమునిపట్నంలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

మన నోట్లో నలిగే 'డి' మాటలు

మనం ఇంగ్లీషు రాదనుకుంటూనే రోజూ 'డి' మాటలు వాడుతుంటాం. కాకపోతే కొన్నిటిని ఇంగ్లీషువాళ్ళు వాడే అర్థంలో వాడం.

డల్: మనం "ఏంట్రా ఇవాళ డల్‌గా ఉన్నావు" అంటే దిగులుగా ఉన్నావని అర్థం. ఇంగ్లీషులో ఈ మాటకు చాలా అర్థాలున్నాయి. పదును లేని కత్తి డల్. వెలిసిపోయిన రంగు డల్. మబ్బు పట్టిన రోజు డల్. విసుగు పుట్టించే పాఠం కూడా డల్. గమనించండి, పాఠం కూడా డల్ కావచ్చు! ప్రోగ్రెస్ కార్డులో మాత్రం పిల్లవాడికి ఒక్కడికే రాస్తారు.

డీసెంట్: మనం ఇస్త్రీ బట్టలు వేసుకున్నవాణ్ణి డీసెంట్ అంటాం. లాటిన్‌లో తగినట్టుగా ఉండడం అన్న మాట నుండి వచ్చింది ఇది. మర్యాద తెలిసిన, ఎదుటివాణ్ణి కించపరచని మనిషి డీసెంట్. చొక్కా చిరిగినా మనిషి డీసెంట్ కావచ్చు. "డీసెంట్ మీల్" అంటే విందు భోజనం కాదు, కడుపు నిండే సరైన భోజనం.

డియర్: ఉత్తరం మొదట్లో రాసే మాట. ప్రియమైన అని అర్థం. ఖరీదైన అన్న అర్థం కూడా ఉంది. తెలుగులో ప్రియం అన్నా ఈ రెండు అర్థాలూ వస్తాయి. "కందిపప్పు ప్రియమైంది" అంటాం కదా. రెండు భాషలకూ ఒకే ఆలోచన వచ్చింది.

డౌట్‌ఫుల్, డ్యూబియస్: రెంటికీ అనుమానమనే అర్థం ఉంది. కానీ 'డ్యూబియస్' అంటే ఆ మనిషి నిజాయితీ మీదనే అనుమానం. మాస్టారి దగ్గరకు వెళ్ళి "ఐ యామ్ డ్యూబియస్" అంటే, నా సంగతే నమ్మలేం సార్ అన్నట్టు వినిపించవచ్చు. పాఠంలో సందేహం ఉంటే "ఐ హావ్ ఎ క్వశ్చన్" అంటే చాలు.

డిఫరెంట్: దీని తరువాత 'ఫ్రమ్' రాస్తే పరీక్షలో ఎవరూ తప్పు పట్టరు. "అవర్ హాస్టల్ ఈజ్ డిఫరెంట్ ఫ్రమ్ దెయిర్ హాస్టల్."

డిసింట్రెస్టెడ్: ఆసక్తి లేని అని చాలామంది అనుకుంటారు. ఆ అర్థానికి 'అనింట్రెస్టెడ్' అన్న మాట ఉంది. డిసింట్రెస్టెడ్ అంటే స్వలాభం చూసుకోనివాడు, పక్షపాతం లేనివాడు. జడ్జి డిసింట్రెస్టెడ్‌గా ఉండాలి, కానీ అనింట్రెస్టెడ్‌గా ఉండకూడదు.

డైల్యూట్: నీళ్ళు కలిసి పలుచబడిన అని అర్థం. దీనికి ఉదాహరణ మన హాస్టల్ పిల్లలకు చెప్పనక్కరలేదు. మా బ్యాచ్ అంతా ఈ మాటను సాంబారు దగ్గరే నేర్చుకున్నాం. కెమిస్ట్రీలో 'డైల్యూట్ యాసిడ్' వచ్చినప్పుడు మాస్టారు అర్థం అడిగితే డి సెక్షనంతా ఒకేసారి చేతులెత్తింది.

'ఇడి' తోక, 'ఐఎన్‌జి' తోక

ఫలితాలు వచ్చిన రోజు చాలామంది చేసే తప్పు ఒకటి చెబుతాను. "ఐ యామ్ డిసప్పాయింటింగ్" అంటారు. దానికి అర్థం నన్ను చూస్తే ఇతరులకు నిరాశ కలుగుతుంది అని. నాకు నిరాశ కలిగింది అనాలంటే "ఐ యామ్ డిసప్పాయింటెడ్" అనాలి. ఆ అనుభవం ఎవరికి కలిగిందో వారికి 'ఇడి' తోక. ఎవరి వల్ల, దేని వల్ల కలిగిందో దానికి 'ఐఎన్‌జి' తోక. ఫలితం డిసప్పాయింటింగ్, మనం డిసప్పాయింటెడ్.

దేశాల విషయంలో ఈ తోకల అర్థం కొంచెం వేరు. 'డెవలపింగ్' అంటే అభివృద్ధి జరుగుతూ ఉన్న, 'డెవలప్డ్' అంటే అభివృద్ధి జరిగిపోయిన. ఒకటి నడుస్తున్న పని, ఒకటి అయిపోయిన పని.

పలకడంలో కూడా ఒక సూత్రం ఉంది. రాయడం అంతటా 'ఇడి' అనే రాస్తాం కానీ పలకడం మూడు రకాలు. ముందు 'ప', 'క', 'స' లాంటి శబ్దం ఉంటే చివర 'ట్' వినిపిస్తుంది. డెవలప్ట్, డిప్రెస్ట్, డిస్ట్రెస్ట్. ముందు 'వ', 'న', 'ల' లాంటి శబ్దం ఉంటే 'డ్' వినిపిస్తుంది. డిప్రైవ్డ్, డిటర్మిన్డ్, డిసేబుల్డ్. ముందే 'ట' గాని 'డ' గాని ఉంటే 'ఇడ్' అని విడిగా వినిపిస్తుంది. డివోటిడ్, డెడికేటిడ్, డివైడిడ్. 'డిటర్మిన్డ్'ను చాలామంది 'డిటర్‌మైన్డ్' అంటారు, అది సరికాదు.

ఇక్కడిదాకా వ్యాకరణం. ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తాను.

తోక వెనుక ఎవరున్నారు?

'ఇడి' తోక ఉన్న విశేషణం ఒక క్రియ నుండి పుడుతుంది. క్రియ ఉందంటే ఆ పని చేసినవాడు ఒకడు ఉండాలి. 'బ్రోకెన్ ప్లేట్' అంటే పగిలిన ప్లేటు. దాన్ని ఎవరో పగలగొట్టారు. కానీ మాటలో వాడి పేరు కనిపించదు.

ఇప్పుడు మనలాంటివాళ్ళ గురించి పుస్తకాల్లో, ప్రభుత్వ కాగితాల్లో, ఉపన్యాసాల్లో వచ్చే 'డి' మాటలు చూడండి.

'డిప్రైవ్డ్' అంటే మనం పేదవాడు అని అర్థం చెప్పుకుంటాం. కానీ 'డిప్రైవ్' అంటే దక్కకుండా చేయడం. దీని లాటిన్ మూలానికి లాక్కోవడం అన్న అర్థం ఉంది. 'పూర్' అంటే లేనివాడు. 'డిప్రైవ్డ్' అంటే లేకుండా చేయబడినవాడు. రెంటికీ చాలా తేడా ఉంది.

'డిప్రెస్డ్' అంటే కిందికి నొక్కబడిన. 'డౌన్‌ట్రాడెన్' అంటే కాళ్ళకింద తొక్కబడిన. 'ట్రెడ్' అంటే అడుగు వేయడం, తొక్కడం. దాని నుండే 'ట్రాడెన్' వచ్చింది. 'డెస్టిట్యూట్' అన్న మాటకు లాటిన్‌లో విడిచిపెట్టబడిన అని అర్థం. ఎవరో విడిచిపెడితేనే మనిషి డెస్టిట్యూట్ అవుతాడు.

ఇక తెలుగులో మనం వాడే మాటలు చూడండి. అణగారిన వర్గాలు, వెనుకబడిన తరగతులు. 'అణగు' అంటే తనంతట తాను అణగిపోవడం. 'అణచు' అంటే వేరొకరు అణచడం. 'అణగారిన' అన్నప్పుడు దీపం దానంతటదే కొండెక్కినట్టు ఉంటుంది. 'అణచివేయబడిన' అన్నప్పుడు అణచినవాడు ఒకడున్నాడని తెలుస్తుంది. అలాగే 'వెనుకబడిన' వేరు, 'వెనుకకు నెట్టబడిన' వేరు. మాట చివర ఉన్న రెండు అక్షరాల్లో చరిత్ర ఉంటుంది. మీరు వ్యాసరచన పోటీల్లో రాసేటప్పుడు ఏ మాట వాడుతున్నారో ఒక్క క్షణం ఆగి చూసుకోండి.

'డీనోటిఫైడ్' అన్న మాట కథ ఇంకా బాధాకరమైనది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. కొన్ని జాతులను మొత్తంగా నేరస్థులని గెజిట్‌లో ప్రకటించింది. అలా ప్రకటించడమే 'నోటిఫై' చేయడం. అందులో పుట్టిన పసిబిడ్డకు కూడా ఆ ముద్ర తప్పలేదు. మన ప్రాంతంలో ఎరుకలవారు ఆ చట్టం కింద నలిగిపోయారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఆ రోజుల్లో ఏర్పడిన సెటిల్‌మెంటే. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ముద్ర తీసేశారు కాబట్టి ముందు 'డీ' చేర్చి డీనోటిఫైడ్ అన్నారు. తెలుగులో విముక్త జాతులు అంటాం. తమ్ముళ్ళూ, ఒక్కసారి ఆలోచించండి. చేయని నేరం నుండి విడుదల చేసి, ఆ విడుదలనే వాళ్ళకు పేరుగా పెట్టారు.

'డిసేబుల్డ్' అన్న మాట మీద కూడా చర్చ జరిగింది. లోపాన్ని ముందు చెప్పి మనిషిని వెనుక చెప్పడం ఏమిటని ప్రశ్నించారు. అందుకే 2016లో మన దేశంలో వచ్చిన చట్టం వారిని 'పర్సన్స్ విత్ డిసేబిలిటీస్' అంటుంది. అక్కడ ముందు మనిషి, తరువాతే లోపం. 'డమ్' అన్న మాట మొదట మాట్లాడలేనివారిని మాత్రమే చెప్పేది. తరువాత తెలివితక్కువ అన్న అర్థం కూడా వచ్చి చేరింది. కాబట్టి ఈ రోజుల్లో మూగవారిని ఆ మాటతో పిలవడం అవమానం. మన హాస్టల్లో ఎవరినీ అలా పిలవకండి.

'డిప్రెస్డ్' అన్న మాటకు ఇప్పుడు వైద్యంలో కూడా ఒక అర్థం ఉంది. ఇంటి మీద బెంగతో ఒకటి రెండు రోజులు డల్‌గా ఉండడం వేరు. రెండు వారాలకు పైగా ఏ పనీ చేయబుద్ధి కాక, నిద్ర, తిండి సరిగా లేక ఉండడం వేరు. ఆ రెండవది జబ్బు, సోమరితనం కాదు. అలా ఉన్న తమ్ముడు ఎవరైనా కనిపిస్తే ఎగతాళి చేయకండి. వార్డెన్ గారికి చెప్పండి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు డబ్బు కట్టకుండానే ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

పేరు ఎవరు పెట్టాలి?

బ్రిటిష్ కాలంలో అంటరాని కులాలవారిని ప్రభుత్వ కాగితాల్లో 'డిప్రెస్డ్ క్లాసెస్' అని రాసేవారు. బాబాసాహెబ్ అంబేద్కర్‌కు ఆ పేరు నచ్చలేదు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయన, రెట్టమలై శ్రీనివాసన్ గారు కలిసి ఇచ్చిన పత్రంలో ఆ పేరు మార్చాలని కోరారు. 1932లో ఓటు హక్కుల కమిటీకి ఇచ్చిన తన నోట్‌లో కూడా అంబేద్కర్ ఆ సంగతి ఎత్తారు. ఆ పేరు వింటే వీళ్ళు దిక్కులేనివాళ్ళు, నీచులు అన్న భావన కలుగుతుందని, నిజానికి వాళ్ళలో చదువుకున్నవారు, తమ కాళ్ళమీద నిలబడ్డవారు ఉన్నారని ఆయన వాదన. తరువాత 1935 చట్టంలో 'షెడ్యూల్డ్ కులాలు' అన్న పేరు వచ్చింది. రాజ్యాంగంలోనూ అదే నిలిచింది. షెడ్యూల్ అంటే జాబితా. జాబితాలో చేర్చిన కులాలు అని అర్థం. ఆ మాటలో పొగడ్త లేదు, తెగడ్త కూడా లేదు.

అంతకుముందే మన తెలుగు నేల మీద ఈ పోరాటం జరిగింది. 1917లో విజయవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచములు' అన్న పేరును కాదని 'ఆది ఆంధ్రులు' అన్న పేరు తీసుకుంది. పంచముడు అంటే అయిదోవాడు, లెక్కలో చివర చేర్చినవాడు. ఆది ఆంధ్రుడు అంటే ఈ నేల మీద మొదటివాడు. ఒక్క మాటతో చివరి బెంచీ నుండి మొదటి బెంచీకి వచ్చారు.

ఆ తరువాత 'దళిత' అన్న మాట వచ్చింది. దీనికి చీల్చబడిన, నలగగొట్టబడిన అని అర్థం. ఇది కూడా జరిగిన అన్యాయాన్ని చెప్పే మాటే. అయితే తేడా ఏమిటంటే ఈ మాటను ఉద్యమంలో నిలబడినవారు తామే ఎంచుకున్నారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఏర్పడింది. 1985లో కారంచేడు మారణకాండ తరువాత మన రాష్ట్రంలో దళిత మహాసభ ఏర్పడింది. ఇప్పుడు ఈ మాట ఇంగ్లీషు డిక్షనరీలో కూడా 'డి' అక్షరం కిందనే ఉంది. నేను 'డల్' వెతుక్కున్న ఆ అక్షరం కిందకే మనవాళ్ళు ఒక మాటను పంపించారు.

మనం సంపాదించుకోవలసిన 'డి' మాటలు

డిలిజెంట్: శ్రద్ధగా పనిచేసే. దీని లాటిన్ మూలానికి ప్రేమించడం, విలువ ఇవ్వడం అని అర్థం. కష్టపడేవాడని మనం అనువాదం చేసుకుంటాం గాని, నిజానికి పని మీద ప్రేమ ఉన్నవాడు డిలిజెంట్. తిట్టి ఎవరినీ డిలిజెంట్ చేయలేము.

డిటర్మిన్డ్: పట్టుదల గల. ఇందులో 'టర్మినస్' అనే మాట దాగి ఉంది. దానికి లాటిన్‌లో హద్దు అని అర్థం. రైల్వే టర్మినస్, బస్ టర్మినల్ కూడా అక్కడినుండే వచ్చాయి. ఎక్కడికి చేరాలో హద్దురాయి పాతుకున్నవాడు డిటర్మిన్డ్.

డోసైల్: చెప్పినట్టు వినే. మొదట దీనికి సులభంగా నేర్చుకోగల అని అర్థం. నేర్పడం అన్న లాటిన్ మాట నుండి వచ్చింది. డాక్టర్ అన్న మాట కూడా దాని చుట్టమే, ఆ మాటకు మొదటి అర్థం బోధకుడు. నేర్చుకునే గుణం ఉంచుకోండి. కానీ ఎవరేమన్నా తలవంచే గుణం మంచిది కాదు. ఈ మాట అర్థం అటు జారిపోయింది, మీరు జారిపోకండి.

డిజర్వింగ్: అర్హత గల. స్కాలర్‌షిప్ విషయంలో 'పూర్ అండ్ డిజర్వింగ్' అని రాస్తుంటారు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944లోనే మొదలయ్యాయి. అవి ఎవరో జాలిపడి ఇచ్చే దానం కాదు. దరఖాస్తు రాసేటప్పుడు మర్యాదగా రాయండి, ప్రాధేయపడుతూ రాయకండి.

డిగ్నిఫైడ్: గౌరవంగా నిలబడే. విలువ గల అన్న లాటిన్ మాట నుండి వచ్చింది. మన రాజ్యాంగ పీఠికలో వ్యక్తి గౌరవం అని ఉన్నచోట ఇంగ్లీషులో 'డిగ్నిటీ' అన్న మాట ఉంది. అదే పీఠికలో మన గణతంత్రాన్ని వర్ణించే విశేషణాల్లో ఒకటి 'డెమొక్రటిక్'. 1976లో 42వ సవరణతో మరి రెండు విశేషణాలు చేరాయి. దేశాన్ని కూడా విశేషణాలతోనే వర్ణించారు. అవి నిజమయ్యేలా చూడవలసినవాళ్ళం మనమే.

నేను చేసిన తప్పు

చివరగా ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం అర్ధసంవత్సర పరీక్షల తరువాత ప్రోగ్రెస్ కార్డులు నింపుతున్నాను. అరవై కార్డులు, సాయంత్రంలోగా ఇవ్వాలి. తొందరలో ఒక పిల్లవాడి కార్డులో డి, యు, డబుల్ ఎల్ అని రాసేశాను. రాస్తున్నట్టు కూడా నాకు తెలియలేదు.

మరునాడు ఆ అబ్బాయి కార్డు పట్టుకుని వచ్చాడు. "సార్, ఈ మాటకు అర్థం ఏంటి సార్? మా అమ్మ అడిగింది. నాకు తెలియదని చెప్పాను" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. చేతిలో ఉన్న సుద్దముక్క బల్ల మీద పెట్టి కార్డు తీసుకున్నాను. ఆ పిల్లవాడు తెల్లవారుజామున పాలు పోసి వచ్చి బడికి వచ్చేవాడని, అందుకే మొదటి పీరియడ్‌లో కునికేవాడని అంతకుముందు నేను ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అడిగితే తెలిసింది. ఆ మాట కొట్టేసి పక్కన తెలుగులో ఇలా రాశాను: "లెక్కలు బాగా చేస్తున్నాడు. ఇంగ్లీషు చదవడంలో రోజూ అరగంట సాయం కావాలి. ఆ సాయం నేను చేస్తాను." కింద సంతకం పెట్టాను. "మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు" అన్నాను.

ఆ అరగంట రెండేళ్ళు నడిచింది. వాడు పదో తరగతి పాసయ్యాడు, ఇంగ్లీషులో గొప్ప మార్కులేమీ రాలేదు. కానీ చదివింది అర్థం చేసుకోగలడు. అప్పటినుండి కార్డులో ఒంటరి విశేషణం రాయడం మానేశాను. పిల్లవాడు ఏం చేస్తున్నాడో, ఏం కావాలో రాస్తున్నాను. విశేషణం ముద్ర వేస్తుంది, క్రియ దారి చూపిస్తుంది.

మీరు చేయవలసిన పని

ఒక వంద పేజీల నోట్‌బుక్ తీసుకోండి. పేజీకి నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో మాట, రెండవ గడిలో పలికే తీరు తెలుగులో, మూడవ గడిలో అర్థం, నాలుగవ గడిలో మీ జీవితం నుండి సొంత వాక్యం. నాలుగో గడి ఖాళీగా ఉంచితే మిగతా మూడు రాసి లాభం లేదు. రోజుకు అయిదు మాటలు చాలు. రాత్రి పడుకునేముందు పక్క దుప్పటివాడికి ఆ అయిదూ చెప్పండి, వాడివి మీరు వినండి. నెలకు నూట యాభై మాటలు అవుతాయి.

డిక్షనరీ కొనలేని వారికి హాస్టల్ డిక్షనరీ ఉంది. మా పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒకటే. ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పూలదండలకు బదులు ఒక్కొక్కరు ఒక డిక్షనరీ తెండి. గదికొకటి ఉంటే చాలు, ఎవరూ రాత్రిపూట వార్డెన్ గారి తలుపు తట్టనక్కరలేదు.

తమ్ముళ్ళూ, ఎవరో ఒక మాట మీ మీద రాసి ఇస్తారు. దాని అర్థం తెలియకుండా ఇంటికి మోసుకెళ్ళకండి. పుస్తకం తెరిచి అర్థం చూడండి. దాని పైనా కిందా ఉన్న మాటలు కూడా చదవండి. మీకు సరిపోయే మాట ఆ పేజీలోనే ఉంటుంది.

జై భీమ్.

– ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఇంగ్లీషు ఉపాధ్యాయుడు